చీకటిలో వెలిగే నక్షత్రము

(ఇంటింట చేతిపని)



క్రిస్మస్ దగ్గర పడుతున్నదంటే మన పల్లె సంఘాలలో పిల్లల నాటికకు సిద్ధపాటు మొదలవుతుంది. పల్నాడులో పత్తికి కొదువ లేదు గనుక గొర్రెల కాపరులకూ, తూర్పు దేశపు జ్ఞానులకూ దూదితోనే గడ్డాలు అతికిస్తాము. దేవదూతల రెక్కలు అట్టతో చేసి బంగారు కాగితం అంటిస్తాము. ఆ పైన దీపాలన్నీ ఆర్పి పిల్లల చేతికి కొవ్వొత్తులు ఇస్తాము. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. అయితే దూది, కాగితం, నిప్పు ఒకే చోట చేరినప్పుడు ముందు వరుసలో కూర్చున్న తల్లికి నాటిక మీద దృష్టి నిలవదు. బిడ్డ గడ్డం మీదనే ఉంటుంది ఆమె చూపంతా.

నిప్పు లేకుండా, కరెంటు లేకుండా చీకటిలో వెలిగే రంగును ఇంటిలోనే కలుపుకొనే విధానం ఈ నెల చెప్పుకుందాము. నాటికకే గాక, కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు వెదుక్కోవడానికి, ముసలివారికి గడప మెట్టు కనబడడానికి కూడా ఇది పనికి వస్తుంది. పద్ధతి తేలికే. అయితే ఏది వాడవచ్చునో, ఏది ముట్టుకోరాదో ముందుగా తెలిసి ఉండాలి.

అన్నీ రేడియం కావు

మన వైపు చీకట్లో మెరిసే ప్రతి వస్తువునూ ‘రేడియం’ అనడం అలవాటు. నిజానికి ఆ పేరుతో మనం పిలిచేవి మూడు రకాలు.

మొదటిది, ట్రాక్టరు ట్రక్కు వెనుక, ఎడ్లబండి చట్రానికి అంటించే ఎరుపు, తెలుపు స్టిక్కరు. దీనికి సొంత వెలుగు లేదు. లారీ లైటు పడినప్పుడు ఆ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. లైటు తీసివేస్తే ఆ క్షణమే ఆరిపోతుంది.

రెండవది, కళ్లు చెదిరేటట్టు ఉండే గులాబి, నిమ్మపండు రంగులు. వీటిని కూడా దుకాణాలలో రేడియం కలర్లు అంటారు. పగటి వెలుగులో ఇవి మామూలు రంగులకన్నా ధగధగలాడతాయి. కాని గదిలో దీపం ఆర్పితే ఇవీ చీకటిలో కలిసిపోతాయి. వీటిని కొని, రాత్రి వెలగలేదని నిరాశపడినవారు చాలామంది ఉన్నారు.

మూడవదే మనకు కావలసినది. వెలుగులో కొంతసేపు ఉంచితే ఆ వెలుగును లోపల దాచుకొని, చీకటిలో నెమ్మదిగా బయటికి ఇచ్చే పొడి. ఈ మూడింటిలో దేనిలోనూ అసలు రేడియం లేదు. లేకపోవడమే మన క్షేమము.

అసలైన రేడియాన్ని 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు కనుగొన్నారు. దానిని జింకు సల్ఫైడు పొడితో కలిపితే ఏ వెలుగూ సోకకుండానే రాత్రింబగళ్లు వెలుగుతుంది. 1917 మొదలు అమెరికాలో కొన్ని ఫ్యాక్టరీలలో పడుచు పిల్లలు ఆ రంగుతో గడియారాల అంకెలు దిద్దేవారు. కుంచె మొన సన్నబడటానికి దానిని పెదవుల మధ్య పెట్టి తిప్పమని వారికి నేర్పారు. అలా రోజూ కొంచెం కొంచెంగా రేడియం వారి ఎముకలలో చేరింది. దవడలు కుళ్లి, రక్తం క్షీణించి అనేకులు చనిపోయారు. మిగిలినవారిలో అయిదుగురు కోర్టుకెక్కగా 1928లో కంపెనీ పరిహారానికి ఒప్పుకున్నది. రేడియం బలం సగానికి తగ్గడానికే 1,600 ఏండ్లు పడుతుంది. కాబట్టి తాతలనాటి గడియారమో, మిలిటరీ సామానో ఇంటిలో ఉంటే దాని అంకెల మీది రంగును ఎవరూ గీకకూడదు. ఇప్పుడది వెలగకపోయినా సరే. ఆరిపోయినది జింకు సల్ఫైడు మాత్రమే. రేడియం అక్కడే ఉంటుంది.

అగ్గిపెట్టె కథ కూడా ఇటువంటిదే. తెల్ల భాస్వరం చీకటిలో తనంతట తానే వెలుగుతుంది. పూర్వం అగ్గిపుల్లలకు దానినే పూసేవారు. ఆ పొగ పీల్చిన పనివారికి దవడ ఎముక కుళ్లిపోయేది. బాపట్ల, నిడుబ్రోలు వైపు వారికి బాగా తెలిసిన రక్షణ సైన్యమును స్థాపించిన విలియం బూత్ గారు దీనిని చూసి ఊరుకోలేదు. 1891లో లండనులో సొంతంగా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ తెరిచి, హాని చేయని ఎర్ర భాస్వరంతో పుల్లలు చేయించి, పనివారికి ఎక్కువ కూలి ఇచ్చారు. ఆ తరువాత అనేక దేశాలు తెల్ల భాస్వరాన్ని నిషేధించాయి. మన దేశంలో ఆ చట్టం 1913లో వచ్చింది. వెలుగు కావాలనుకున్నప్పుడు అది ఎవరి దేహానికి కీడు చేస్తున్నదో కూడా చూడాలని ఆ దైవజనుడు చేతలతో చూపించారు.

చెప్పులు కుట్టే అతని రాయి

వెలుగును దాచుకొని తిరిగి ఇచ్చే పొడి కథ ఇటలీ దేశంలోని బొలోన్యా పట్టణంలో మొదలైనది. సుమారు 1603లో విన్సెంజో కాషియరోలో అనే చెప్పులు కుట్టే అతను దగ్గరి కొండ మీద బరువైన రాళ్లు కొన్ని ఏరుకొచ్చాడు. వాటిలో నుండి బంగారం తీయవచ్చునని అతని ఆశ. బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు గాని, పగలు ఎండలో పెట్టిన ఆ రాయి రాత్రి నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. పండితులు ఆ రాయి కోసం అతని ఊరికి వరుస కట్టారు.

ఆ రాయి మనకు కొత్తది కాదు. దానినే మనం ముగ్గురాయి అంటాము. రాయలసీమలోని మంగంపేటలో ప్రపంచంలోనే పేరుపొందిన ముగ్గురాయి గనులు ఉన్నాయి. బొలోన్యాలో అతను కాల్చినది ఆ జాతి రాయే.

మన పిడుగురాళ్లలో విరివిగా దొరికే సున్నానికి కూడా ఈ కథలో భాగం ఉంది. 1768లో జాన్ కాంటన్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయుడు ఆల్చిప్పలను కాల్చి, ఆ సున్నాన్ని గంధకంతో కలిపి బాగా వేడిచేసి, చీకటిలో వెలిగే పొడిని తయారుచేశాడు. సున్నం, గంధకం రెండూ మనకు చేరువలోనే ఉన్నవి గదా అని ఇంటిలో ప్రయత్నించవద్దు. మండే గంధకం నుండి వచ్చే పొగ ఊపిరితిత్తులను కాల్చుతుంది. తయారైన పొడికి తడి తగిలితే కుళ్లిన గ్రుడ్డు వాసనగల విషవాయువు పుడుతుంది.

ఇప్పుడు మనకు ఆ అవసరమూ లేదు. 1993లో జపాను దేశపు నెమోటో కంపెనీవారు స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే కొత్త పొడిని తయారుచేశారు. ఇది పాత జింకు సల్ఫైడు కన్నా ఎంతో ప్రకాశంగా, గంటల తరబడి వెలుగుతుంది. దీనిలో రేడియో ధార్మికత లేదు. ఆన్‌లైనులోనూ, పెద్ద పట్టణాలలోని రంగుల దుకాణాలలోనూ గ్రాముల లెక్కన దొరుకుతుంది. ప్యాకెట్టు మీద ఈ పేరు ఉన్నదో లేదో చూసి కొనండి. దుకాణంలోనే సెల్‌ఫోను లైటు ఒక నిమిషం దాని మీద వేసి, రెండు చేతులతో చీకటి చేసి చూడండి. వెలగకపోతే తిరిగి ఇచ్చివేయండి.

రంగు కలిపే విధానము

కావలసినవి: వెలుగు పొడి 20 గ్రాములు, రంగులేని వార్నిష్ 40 గ్రాములు, తెల్లరంగు కొంచెం, గాజు గ్లాసు లేక ప్లాస్టిక్ డబ్బా, ఐస్‌క్రీం పుల్ల, కుంచె, ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డ. పొడిలో ఆకుపచ్చగా వెలిగే రకమే అన్నిటికన్నా ప్రకాశంగా ఉంటుంది. ఆ తరువాత నీలి ఆకుపచ్చ.

1. ఏ అట్ట మీద, చెక్క మీద పూయదలచుకున్నారో దానికి మొదట తెల్లరంగు వేసి ఆరనివ్వండి. నలుపు, ముదురు రంగులు వెలుగును మింగివేస్తాయి. తెలుపు దానిని తిరిగి బయటికి పంపుతుంది.

2. ముక్కుకు గుడ్డ కట్టుకొని, గాలి విసురు లేని చోట పొడిని వార్నిష్‌లో కొంచెం కొంచెంగా వేస్తూ పుల్లతో కలపండి. స్టీలు గిన్నె, స్టీలు చెంచా వద్దు. ఈ పొడి గరుకైనది. లోహాన్ని గీకి తానే మసకబారుతుంది. పొడి ఉండలుగా ఉన్నా నూరవద్దు. నూరితే వెలుగు తగ్గుతుంది.

3. పొడి బరువుగా ఉండి అడుగుకు దిగుతుంది. అందుచేత కుంచె ముంచిన ప్రతిసారి ఒకసారి కలపండి.

4. ఒకే మందపు పూత వేయకుండా పలచగా రెండు మూడు పూతలు వేయండి. ఒకటి ఆరిన తరువాతనే మరొకటి.

5. అందం కోసం దీనిలో ఎరుపో, నీలమో మామూలు రంగు కలపవద్దు. వెలుగు చచ్చిపోతుంది.

వార్నిష్ పని పెద్దవారే, తలుపులు తీసి ఉంచి, పొయ్యికి దూరంగా చేయాలి. సండేస్కూలులో చిన్నపిల్లలతో చేయించేటప్పుడు వార్నిష్ బదులు తెల్లజిగురు వాడవచ్చును. అయితే పొడికి నీరు తగిలి నిలువ ఉంటే చాలా రకాలు పాడైపోతాయి. అందుచేత జిగురుతో అప్పటికి కావలసినంతే కలిపి, ఆ పూటే వాడివేయండి.

ఇదే రంగును తెల్లని చార్టు మీద పూసి ఆరబెడితే ‘వెలుగు కాగితం’ తయారవుతుంది. దాని నుండి నక్షత్రాలు, సిలువలు, అక్షరాలు కత్తిరించుకోవచ్చును. పిల్లల చేతికి రంగు అంటకుండా చేతిపని చేయించడానికి ఇది మంచి పద్ధతి.

వాడే ముందు పది పదిహేను నిమిషాలు ఎండలో పెట్టాలి. ఎండ లేకపోతే తెల్లని ఎల్‌ఈడీ బల్బు దగ్గర పెట్టండి. పాతకాలపు పసుపుపచ్చ బల్బు వెలుగు దీనికి అంతగా చాలదు. మొదటి నిమిషాలలో బాగా ప్రకాశించి, క్రమంగా తగ్గుతూ, మన కళ్లు చీకటికి అలవాటుపడిన కొద్దీ కొన్ని గంటలపాటు కనబడుతూనే ఉంటుంది.

ఎక్కడెక్కడ వాడవచ్చును?

నక్షత్రము: వెదురుబద్దలతో కట్టిన నక్షత్రానికి కాగితం అంటించిన తరువాత, ముందువైపు అంచుల వెంబడి వ్రేలెడు వెడల్పున ఈ రంగు వేయండి. వసారా లైటు దాని మీద పడేటట్లు కట్టండి. కరెంటు పోయినప్పుడు వీధిలోని నక్షత్రాలన్నీ ఆరిపోగా, మీ నక్షత్రపు అంచులు మాత్రం ఆకుపచ్చగా నిలిచి ఉంటాయి.

దేవదూతలు: కిరీటానికి, రెక్కల అంచుకు, చేతిలోని కర్రకు పూయండి. ముఖానికీ, చేతులకూ పూయవద్దు. దూతల చేతిలో కొవ్వొత్తి ఇక అవసరం ఉండదు.

గిద్యోను కుండలు: న్యాయాధిపతులు 7వ అధ్యాయం చెప్పేటప్పుడు ఒక్కొక్క పిల్లవానికి చిన్న మట్టి ముంత ఇచ్చి, లోపలి వైపు తెల్లరంగు, ఆపైన వెలుగు రంగు వేయించండి. ఎండ లోపలికి పడేటట్లు పెట్టి, మూతతో తెచ్చి, చీకటి గదిలో అందరూ ఒక్కసారి మూత తీయాలి. ఆ పాఠం పిల్లలు మరచిపోరు.

ఇంటి గుర్తులు: టార్చిలైటు పిడికి, మందుల పెట్టె మూతకు, గడప మెట్టు అంచుకు, దొడ్డి తలుపు గడియకు బొట్టంత గుర్తు పెట్టండి. వానాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు చేతులతో గోడలు తడుముకుంటూ చీకట్లో కాలు వేయడం ఎంత ప్రమాదమో పాములు తిరిగే మన ఊళ్లలో చెప్పనక్కరలేదు. అయితే గుర్తు కనబడింది గదా అని టార్చి లేకుండా నడవకూడదు. గుర్తు పెట్టినది టార్చి దొరకడానికే.

కేరోల్స్ బృందము: దీనికి మాత్రం మొదట చెప్పుకున్న స్టిక్కరే మేలు. నరసరావుపేటలో గాని, మాచర్లలో గాని స్టిక్కర్లు కత్తిరించే దుకాణంలో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి. రాత్రి రోడ్డు వెంట పాడుతూ నడిచే పిల్లల చొక్కా వీపుకు, డోలు పక్కకు, ట్రాక్టరు ట్రక్కు వెనుక అంటించండి. వెనుక నుండి వచ్చే లారీ డ్రైవరుకు దూరం నుండే కనబడతారు.

గోడ మీద వ్రాత

దానియేలు 5వ అధ్యాయంలో బెల్షస్సరు రాజు విందు మీకు తెలుసు. ఆ కథను ఆడించడానికి ఒక తేలికైన ఉపాయం. బట్టల సబ్బుపొడిలో తెలుపు రావడానికి ఒక పదార్థం కలుపుతారు. అది కంటికి కనబడని ఊదా కిరణాలను పీల్చుకొని నీలపు వెలుగుగా ఇస్తుంది. ఒక చెంచా సబ్బుపొడిని కొంచెం నీటిలో చిక్కగా కలిపి, ఉతకని కోరా గుడ్డ మీద కుంచెతో అక్షరాలు వ్రాసి ఆరబెట్టండి. మామూలు వెలుగులో ఏమీ కనబడదు. గది చీకటి చేసి, నోట్లు పరీక్షించే ఊదారంగు టార్చి వేస్తే వ్రాత నీలంగా పైకి వస్తుంది. తెల్ల కాగితం మీద వ్రాయవద్దు. కాగితంలోనూ ఆ పదార్థమే ఉంటుంది గనుక మొత్తమంతా వెలిగి అక్షరాలు దాగిపోతాయి.

ఆ టార్చినే నూనెలో కలిపిన చిటికెడు పసుపు మీద వేయండి. దుగ్గిరాల యార్డుకు బస్తాలకొద్దీ చేరే ఆ పసుపే ఆకుపచ్చ ఛాయతో వింతగా వెలుగుతుంది. టార్చిని మాత్రం పెద్దవారే పట్టుకోవాలి. ఎవరి కంటిలోనికీ వేయకూడదు.

ముట్టుకోకూడనివి

పగిలిన ట్యూబులైటులోని తెల్లపొడి వెలుగుతుందని పిల్లలు ఏరుకుంటారు. అది చాలా కీడు. ట్యూబులో పాదరసం ఉంటుంది. ట్యూబు పగిలితే పిల్లలను బయటికి పంపి, తలుపులు తెరిచి, కొంతసేపు ఆగి, అట్టముక్కతో పెంకులు ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయండి. చీపురుతో ఊడ్చితే పొడి గాలిలో లేస్తుంది. పెంటకుప్ప మీద గాని, కుంటలో గాని పారవేయవద్దు.

తిరునాళ్లలో అమ్మే వెలుగు కడ్డీలను కోసి, ఆ ద్రవాన్ని సీసాలలో పోయడం సెల్‌ఫోను వీడియోలలో చూపిస్తారు. కడ్డీ లోపల సన్నని గాజు గొట్టం ఉంటుంది. దాని పెంకులు, ఆ మందు కంటిలో పడితే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. కూల్‌డ్రింకులో వంటసోడా, పెరాక్సైడు కలిపితే వెలుగుతుందన్నది శుద్ధ అబద్ధం.

మన వెలుగు పొడి కూడా నోటిలో పెట్టుకొనే వయసు పిల్లలకు అందనీయవద్దు. వంట గిన్నెలకు, పాలసీసాలకు పూయవద్దు. పని అయిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ధ్యానము

పైన చెప్పుకున్న వాటిలో తనంతట తాను వెలిగిన రేడియం, తెల్ల భాస్వరం తమ దగ్గర పనిచేసినవారి ఎముకలను తిన్నవి. వెలుగు యెదుట నిలిచి, తీసుకున్నంత తిరిగి ఇచ్చే పొడి పసిబిడ్డల నాటికకు పనికి వచ్చింది.

మోషే సీనాయి కొండ దిగి వచ్చినప్పుడు అతని ముఖము ప్రకాశించినదని నిర్గమకాండము 34వ అధ్యాయము చెబుతున్నది. ఆ సంగతి అతనికే తెలియదు. చూసినవారికే తెలిసింది. ఆ వెలుగు అతను పుట్టించుకున్నది కాదు. దేవుని సన్నిధిలో నిలిచినందువలన కలిగినది. మన ఇండ్లలో కూడా అంతే. ఉదయకాలపు ప్రార్థనలో ఆ పది పదిహేను నిమిషాలు లేని దినమున, సాయంకాలానికి పిల్లల మీద కసురు, ఇరుగుపొరుగు మీద విసుగు మిగులుతాయి. నిన్న ఎండలో పెట్టిన నక్షత్రం ఈ రాత్రికి చాలదు. ప్రతి దినమూ దానిని వెలుగులో పెట్టవలసిందే.

తండ్రులారా, తల్లులారా, పిల్లలతో కలిసి ఈ పని చేసే సాయంకాలమున ఈ మాట కూడా వారితో చెప్పండి. చేతికి అంటిన రంగు కడిగితే పోతుంది. ఆ మాట వారి హృదయములలో నిలిచిపోవును గాక.

కుటుంబ ప్రార్థనలో చదవవలసిన భాగములు: నిర్గమకాండము 34:29–35, మత్తయి 5:14–16, 2 కొరింథీయులకు 3:7–18.

పిల్లలకు ప్రశ్నలు: 1. మోషే ముఖము ఎందుకు ప్రకాశించినది? 2. గిద్యోను మనుష్యులు కుండలలో ఏమి దాచారు? 3. మన వెలుగు నక్షత్రానికి తెల్లరంగు ముందుగా ఎందుకు వేశాము?